మైనస్ నలభై

జూలై. రుస్తావి కార్ల సంత వెనక రేకుల షెడ్డు.
పైకప్పు మీద వాలబోయిన పావురం
కాలు కాలి లేచిపోయింది.
లోపల బూడిదరంగు కారొకటి
చలికి చచ్చిపోతున్నానంటోంది.

తెర మీద అంకె అదే మరి:
ఇంజను వేడి, మైనస్ నలభై.
గీవీ నవ్వుతున్నాడు, ఏడవలేక.
టాక్సీ అతనిది. వాయిదాలూ అతనివే.
వారం నుంచీ నల్లపొగ, తాగుబోతు లెక్కన పెట్రోలు.
"తాగదా మరి," అంది నటేలా,
"అంత చలిలో ఉన్నాననుకుంటే నువ్వు తాగవా?"

సెన్సరు మార్చాడట. ఒకసారి కాదు, రెండుసార్లు.
మొదటిసారి కుతైసిలో ఎవరో చెబితే,
రెండోసారి, అది నకిలీదని ఇంకెవరో చెబితే.
తీసేసిన రెండింటినీ చొక్కా జేబులోంచి తీసి
ఊడిన పళ్లలా బల్ల మీద పెట్టాడు.
ఆమె ఒకదాన్ని తన టీ గ్లాసులో ముంచింది.
మీటరులో అంకెలు బుద్ధిగా దిగాయి.
రెండోదీ అంతే.
"వీళ్లేం చేశారు పాపం."
ఆ టీ ఎవరూ తాగలేదు.

నేను ఆమె దగ్గర చేరి ఏడు నెలలు.
ఇంజను ఆపి, తీగ రెండు కొసలా మీటరు ఆనించాను.
కీచుమంది.
తీగ బాగానే ఉందన్నాను, కాస్త గర్వంగానే.

నటేలా తల ఎత్తలేదు.
ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
వేల గొంతుల్ని తీగ మీద నిలబెట్టిన మనిషి.
"కీచుమనడానికి ఒక్క పోగు చాలు బద్రీ.
నువ్వేమడిగావు దాన్ని? ఉన్నావా అని.
ఉన్నానంది.
మోస్తావా అని అడిగావా?"

తీగను రెండు వైపులా విప్పింది.
ఒక కొసకు బ్యాటరీ, ఒక కొసకు పాత బల్బు.
బల్బు వెలగలేదు.
లోపలి వెంట్రుక మాత్రం ఎర్రబడింది,
ఎవరో పారేసిన సిగరెట్టులా.
ఇక తీగల కట్ట వెంబడి జానెడు జానెడు
వంచుకుంటూ పోయింది,
చిక్కుడు గింజల్లో రాళ్లేరే వేళ్లతో.

బ్యాటరీ పళ్లెం దిగువన, బ్రాకెట్ మలుపులో
బల్బు ఆరింది.
వదిలితే ఎర్రబడింది. నొక్కితే ఆరింది.
ఏమీ అనలేదామె. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది.
మెత్తగా ఉంది. కొంచెం ఉబ్బుగా,
పాము మింగిన ఎలుకలా.

బ్లేడుతో తొక్క చీలిస్తే
రాగి లేదు. పచ్చటి పొడి.
పదహారు పోగుల్లో ఒకే ఒక్కటి
అవతలి గట్టుకు చెయ్యి చాచి నిలబడి ఉంది,
ఇంజను వణికినప్పుడల్లా పట్టు జారుతూ.

గీవీ అప్పుడు చెప్పాడు.
ఓడలో వచ్చింది. పోతి రేవులో దించారు.
కాగితాల్లో 'చిన్న దెబ్బ' అని ఉంది.
సముద్రం అవతల ఏదో తుఫానులో
సీట్లదాకా ఉప్పునీళ్లెక్కిన సంగతి ఎవరూ రాయలేదు.
సీట్లు మార్చారు. కింద పరుపు మార్చారు. అత్తరు కొట్టారు.
తొక్క కింద ఈ తీగ మాత్రం
మూడేళ్లుగా మునుగుతూనే ఉంది.

నలుపు పోయి ఎర్ర రాగి కనబడేదాకా కోయమంది.
కోశాను. ఇంకా, అంది. కోశాను.
ఇంకా.
జానెడు పోయింది.
కొత్త ముక్క, టంకం, వేడికి ముడుచుకునే గొట్టం.

తాళం తిప్పాడు.
ముప్పై ఆరు.
ఆ రేకుల కింద మేం ముగ్గురం ఉడుకుతున్న వేడి అదే.
మొదటిసారి కారు కూడా మాతోపాటు జూలైలో ఉంది.
యాభై. డెబ్బై. ఎనభై ఎనిమిది.
తొంభై దాటాక ఫ్యాను దానంతటదే తిరిగింది.

డబ్బు లెక్కపెడుతూ అడిగాడు గీవీ:
"మిగతా తీగలు?"
నటేలా చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.
"వాన పడ్డ రోజు ఏమైనా అంటే
వెంటనే తీసుకురా."

సెన్సర్లు రెండూ బల్ల మీదే వదిలి వెళ్లాడు.
డబ్బాలో వేశాను. అందులో అలాంటివి చాలానే ఉన్నాయి.
టీ గ్లాసు కడిగాను.
గోటి సందులో పచ్చపొడి
రాత్రి రొట్టె తుంచేటప్పటికీ పోలేదు.